ఫకీర్ మియా బిగించిన పన్నెండు ఫోన్లు

నారాయణఖేడ్‌లో ఫకీర్ మియా ముచ్చట మొదలుపెట్టాడంటే చేతిలో చాయ్ చల్లారాల్సిందే. ఆ గురువారం పొద్దున బస్టాండు ఎదురుగా ఉన్న భీమమ్మ చాయ్ హోటల్ బెంచీ మీద ఆయన గొంతు మామూలు కంటే పెద్దగా ఉంది, ఎందుకంటే పక్కన జోసెఫ్ కూర్చున్నాడు. కొత్తగా కట్టిన దవాఖానలో ఆఫీసు పనులన్నీ చూసేది జోసెఫే. అక్కడ ఇరవై రెండు టేబుల్ ఫోన్లు పెట్టాలి. ఆ పని జహీరాబాద్ వాళ్లకియ్యాలా, మియాకియ్యాలా అన్నది ఆ పూటే తేల్చాలి. మియా ఒకప్పుడు ఇదే బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపినవాడు. బూతు మూతపడ్డాక సెల్‌ఫోన్ కవర్లు, ఛార్జర్లు అమ్ముకుంటున్నాడు. దవాఖాన పని దొరికితే మళ్లీ ఊళ్లో ఫోన్ల మనిషి అవుతాడు. అందుకని మనూర్ తొవ్వలో ఉన్న పప్పు మిల్లులో ఆదివారం తాను ఫోన్లు పెట్టిన కథ ఎత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ మిల్లు వాచ్‌మెన్ హన్మయ్య సైకిల్ దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"మియా, ఒక మాట. సేటు..."

"ఆగు హన్మయ్యా, కూసో. మంచి టైముకొచ్చినవ్, నాకు సాక్షివి నువ్వే. భీమక్కా, ఈనెకొక చాయ్. ఆఁ, ఇనుండ్రి. మిల్లు పాతదే గాని సేటు కొత్తోడు, బీదర్ దిక్కు నుంచి వచ్చిండు, వీరేశ్ సేటు, మన ఊర్ల ఇంకా ఆయన గొంతు సుత ఎవ్వలకు ఎర్కలేదు. ఆయనకేం ఆలోచనొచ్చిందంటే, మిల్లంతటికి ఒక్క నంబరుండాలె, ఆ నంబరుకు ఫోన్ జేస్తే ఎవలు గావాల్నో వాల్ల టేబుల్ మీదనే మోగాలె. గంతేగద, నాకిడిసిపెట్టు అన్న. ఇది పాత లైను గాదు జోసెఫ్ భాయ్, నీకు తెల్సు, స్తంభాలు లెవ్వు, లైన్‌మెన్ లేడు, నెట్టు వైరు తెచ్చి ఫోనుకు గుచ్చుతే సాలు, లెక్కంత ఎక్కడనో దూరంల పెద్ద మిషన్ల ఉంటది. క్లౌడ్ అంటరు."

"క్లౌడంటే మొగులే గద," అంది భీమమ్మ గిన్నెలో పాలు పోస్తూ. "మరి వానొస్తే ఎట్ల?"

"వానొస్తే ఇంకింత మంచిగ మోగుతది," అన్నాడు మియా, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా.

"పన్నెండు ఫోన్లు. జహీరాబాదోల్లయితే మూడు రోజులు గుంజుతరు, రెండు పూటల బువ్వ సుత అడుగుతరు. నేను పొద్దుగాల నాష్తా జేసి పోయిన, పగటీలి జొహర్ నమాజుకు మజీదుల ఉన్న. ఎట్ల అంటవా? ఒక్కొక్క ఫోన్ అడుగున ఒక చీటి అతికిచ్చి ఉంటది, దాని మీద చీమల లెక్క పన్నెండు అక్షరాలు, అది కంప్యూటర్ల ఎక్కించి, గీ ఫోన్ సేటుది, గీ ఫోన్ గుమాస్తాది అని చెప్పాలె. మామూలోడయితే ఒక్కొక్కటి బోర్లేసి సదువుకుంట కూసుంటడు. నేను ఒక్కటంటే ఒక్కటి బోర్లెయ్యలే. కంపెనోల్లు పంపిన లిస్టు కంప్యూటర్ల ఇంతింత పెద్దగ కనవడ్తుండె, పై నుంచి కిందికి టకటక ఎక్కిచ్చిన, డబ్బాలు ఏ వరుసల ఉన్నయో గదే వరుసల టేబుళ్ల మీద పెట్టిచ్చిన. ఒకటో డబ్బా సేటుకు, తొమ్మిదోది గేటుకు. అనుభవమంటే గది."

"పెట్టినంక ఫోన్ జేసి చూసినవా?" జోసెఫ్ అడిగాడు.

"చూడకుంట ఉంటనా. నా సెల్లుల నుంచి పన్నెండుసార్లు జేసిన, పన్నెండుసార్లు మోగింది."

"ఏ టేబుల్ మీద మోగింది?"

"మిల్లులనే మోగింది జోసెఫ్ భాయ్, ఇంకేడ మోగుతది."

హన్మయ్య గ్లాసు దించాడు. "మియా, నేనొచ్చింది గా ముచ్చటకే..."

"ఆగవయ్యా, అసలుది ఇంకా రాలే. ఫోన్ జేయంగనే మొదాలు మా ఇంటామె సాబేరా గొంతొస్తది. తెలుగుల, కన్నడల, మా ఉర్దుల. సేటుకు ఒకటి నొక్కుండ్రి, లెక్కలకు రెండు నొక్కుండ్రి, గేటుకు తొమ్మిది నొక్కుండ్రి. ఇంట్ల నన్ను గదమాయించే గొంతే, ఫోన్ల ఎంత మెత్తగొస్తదో ఏం జెప్పాలె. నాగల్‌గిద్దల ఒక ముసలామె ఏం నొక్కకుంట, మంచిగున్నవా బిడ్డా అని సాబేరాతోని గంట సేపు ముచ్చట పెట్టిందంట. సాబేరా సుత జవాబు జెప్పిందంట. రికార్డే, కాని జెప్పింది. నా పని గట్లుంటది. గా తర్వాత ఏమైందో ఎర్కేనా? కంది బస్తాల లారీ ఒకటి వెన్కకొచ్చి నెట్టు తీగె తెంపింది."

"నా లారీ గాదు," అన్నాడు నాగల్‌గిద్ద మల్లప్ప బెంచీ చివర నుంచి. ఆయనకు సొంత లారీ ఉంది, మిల్లుకు కందులు తోలుతాడు.

"నీది గాదులే. అటు చూస్తే బీదర్ వ్యాపారి లైన్ల ఉన్నడు, ఇటు చూస్తే తీగె రెండు ముక్కలు. ఏం జేయాలె? రెండు కొసలు రెండు చేతుల్ల పట్టుకోని నిలవడ్డ. మాటలు నా పెయ్యిలకెళ్లి పోతున్నయి మల్లప్పా, నిజంగ, కుడిచేతికెళ్లి ధర వస్తుంది, ఎడమచేతికెళ్లి జర తగ్గియ్యి అని పోతుంది. ఇరవై నిమిషాలు నిలవడ్డ. మద్దెల నాకు తుమ్మొచ్చింది. అవతల నుంచి బీదరాయన, సర్ది అయిందా సేటు అని అడిగిండు."

"మరి సేటేమన్నడు?"

"ఏమంటడు, ముక్కు తుడ్సుకున్నడు."

బెంచీ అంతా నవ్వింది. జోసెఫ్ కూడా నవ్వాడు గాని, చేతిలో ఉన్న దవాఖాన కాగితం మడత విప్పలేదు. మియా కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేను ఫోన్లు పెట్టినంక సేటు మనిషే మారిపోయిండు, అది గూడ అబద్ధమేనా? అడుగుండ్రి ఈ మల్లప్పను."

"హౌదు, అది నిజమే," అన్నాడు మల్లప్ప. "మంగళవారం లోడు తీస్కపోయిన. గేటు మూసి ఉన్నది. హన్మయ్య గదిల ఫోన్ పట్టుకోని ఉన్నడు, ఇటు జూడనే జూడలే. నేను తొమ్మిది నొక్కి, ఎవడ్రా ఆడ, గేటు తియ్యి అన్న. సేటే ఉరికొచ్చి తీసిండు, ఇస్త్రీ అంగీ మీద. నాకే శరమొచ్చింది."

"చూసిన్రా," అన్నాడు మియా.

భీమమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచి అందుకుంది. "మా కోడలు ఉమారాణి ఆ మిల్లులనే పప్పు ఏరుతది. సెలవంటే సేటు ఇంతకు ముందు మొకమెత్తి చూడకపోయె. సోమవారం పిల్లకు జరమొస్తే ఒకటి నొక్కి అడిగిందంట. మూడు రోజులిచ్చిండు. పిల్లకు పూరా మంచిగైనంకనే రా అన్నడంట, మిరియాల కషాయం తాపియ్యమన్నడంట సుత."

తన కోతలకు నిజాలు ఎదురొచ్చి తోడు పడడం మియాకు జీవితంలో అదే మొదటిసారి. కాసేపు ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. తర్వాత భుజం మీది రుమాలు సర్దుకుని, బెంచీ మీద ఒక కాలు మడిచి కూర్చున్నాడు.

"మాట సాఫ్‌గ ఇనవడ్తే మనిషికి కోపమెందుకొస్తది? సగం లొల్లులు ఇనవడకనే అయితయి. ఇగ ఈ ముచ్చట ఎవ్వలకు జెప్పలే, మీకే జెప్తున్న. సోమవారం పొద్దుగాల సేటు పాత డైరీ చూస్కుంట ఒక నంబరు కొట్టిండు. ఎవరిదని చూడలే. అది వాల్ల నాయిన నంబరు. నాయిన పోయి ఆరేండ్లాయె. మోగింది."

చాయ్ వడగడుతున్న భీమమ్మ చెయ్యి ఆగింది. "ఎత్తిండ్రా ఎవలన్న?"

"నాయినే ఎత్తిండు. ఎత్తి ఏమన్నడో ఎర్కేనా? బాగున్నవా అనలే, మిల్లెట్లున్నది అనలే. మాట ఇంత సక్కగ ఇనవడ్తుంది, ఫోన్ ఎవలు పెట్టిండ్రు బిడ్డా అన్నడు. ఫకీర్ మియా అన్నడు సేటు. అనుకున్నలే, ఇంకొకనితోని అయ్యేది గాదు అన్నడంట నాయిన. మీ అమ్మ సుత పక్కనే ఉన్నది, ఇయ్యాల్నా అని అడిగిండంట."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎంత దూరం పోయాడో కొలుస్తున్నట్టు అందరూ మియాను చూశారు.

జోసెఫ్ నెమ్మదిగా కాగితం విప్పాడు. "నాయిన సంగతి నాకు తెల్వది మియా. ఆ సంగతి ఇడిసిపెట్టు. కాని సేటు నీ గురించి మంచిగ చెప్పిన మాట నిజం. నిన్న నేనే మిల్లుకు ఫోన్ జేసి ఒకటి నొక్కిన. ఫకీర్ మియా ఎసుంటోడు సేటు అని అడిగిన. మంచోడు, కండ్లు మూస్కోని పిలువు అన్నడు. అందుకే లిస్టు వట్టుకోనొచ్చిన."

మియా మడిచిన కాలు కిందికి దించాడు.

"గా మాట అన్నడా," అన్నాడు చిన్న గొంతుతో. "జోసెఫ్ భాయ్, ఇరవై ఏండ్ల కింద దుబాయ్‌కు చేయాల్నన్నా, పట్నంకు ఫోన్ చేయాల్నన్నా, ఈ ఖేడ్ల అందరు నా బూతు ముందర లైను గట్టేది. పుట్టిన ముచ్చట, పోయిన ముచ్చట మొదాలు నాకే తెల్సేది. బూతు బందైనంక ఫోన్ గురించి నన్ను ఒక్కలు ఒక్క మాట అడగలే. కవర్లు అడుగుతరు. నాకు మస్తు బాధయ్యేది. ఇయ్యాల ఇంత పెద్ద సేటు గా మాట అన్నడంటే ఇగ నాకేం గావాలె."

జోసెఫ్ చేతిలోంచి లిస్టు తీసుకుని, చెయ్యి చాపినంత దూరం పట్టి చూశాడు. ఇంకొంచెం వెనక్కి వంగి చూశాడు. తిరిగి ఇచ్చేశాడు. "నువ్వే సదువు భాయ్, నేను ఒక్కసారి ఇంటే యాదుంటది."

హన్మయ్య ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "ఇప్పుడన్న చెప్పనిస్తవా మియా?"

"చెప్పు, చెప్పు. సేటు ఇంకేమన్నడు నా గురించి?"

"గా మాట అన్నది సేటు గాదు. నేను."

పక్కన బస్సు హారన్ కొట్టింది.

"నీ డబ్బాల వరుస ఏం తప్పిందో ఏమో," అన్నాడు హన్మయ్య. "ఒకటి నొక్కితే సేటు టేబుల్ మీద మోగుతలేదు, గేటు కాడ నా గదిల మోగుతుంది. తొమ్మిది నొక్కితే సేటుకు మోగుతుంది. నాలుగు రోజుల సంది మా సేటుకు ఒక్క వ్యాపారి ఫోన్ రాలే. గేటు తియ్యి, గేటు తియ్యి అని లారీలోల్లే చేస్తున్నరు. తీసీ తీసీ ఆయన చేతులు వాసినయి. నేను మొదాలు అందరికి చెప్పిన, నేను వాచ్‌మెన్‌ను అని. ఎవలు ఇంటరు? ఎత్తంగనే సేటు అని షురూ జేస్తరు. ఇగ నేను గూడ, మంచిది, కానియ్యి అంటున్న. ఉమారాణికి సెలవిచ్చింది నేనే. పొద్దుగాల సేటు నా గదిలకొచ్చేసరికి, బీదరాయనకు ధర చెప్తున్న."

"సేటు ఏమన్నడు?" మల్లప్ప అడిగాడు.

"ధర మంచిగనే చెప్పినవ్ అన్నడు. తర్వాత తిట్టిండు."

అప్పుడు పడిందండీ నవ్వు. మల్లప్ప బెంచీ మీద నుంచి జారినంత పనయింది. జోసెఫ్ మాత్రం నవ్వు ఆపుకుని హన్మయ్య వైపు తిరిగాడు. "మరి నాకెందుకు చెప్పినవయ్యా, మంచోడు అని?"

"నువ్వు మనిషి ఎసుంటోడు అని అడిగినవ్. మంచోడే. ఫోన్లు ఎట్ల పెడ్తడని నువ్వు అడగలే."

మియా తల దించుకున్నాడు. జోసెఫ్ కాగితాన్ని మళ్లీ మడిచేస్తుంటే ఆయన చూపు దాని వెంటే పోయింది. భీమమ్మకు జాలేసింది గాని, ఆమె జాలి కూడా మాటల్లో కారంగానే వస్తుంది.

"చీటి సదవనీకె కండ్లద్దాలు గావాలె మియా. సాబేరా దినాం నీ జేబుల పెట్టి పంపుతదంట. ఈ బెంచీ మీద ఎన్నడన్న తీసినవా?"

మియా లోపలి జేబులోంచి ఒక నల్ల డబ్బీ తీశాడు. నలుగురి ముందు కండ్లద్దాలు పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన నిజంగా తన వయసు మనిషిలా కనిపించాడు. జోసెఫ్ ముందు చెయ్యి చాపాడు.

"ఇయ్యి భాయ్. ఒక్కసారి."

లిస్టు మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, పై నుంచి కిందికి చదివాడు. కోతల్లేవు, సైగల్లేవు. "పద్నాలుగు నంబరు రెండుసార్లు రాసిన్రు," అన్నాడు. "మందుల కౌంటరుకు ఒకటి, ఎక్స్‌రేకు ఒకటి. గిట్లనే పెడ్తే మందులకు జేసినోనికి ఎక్స్‌రే ఎత్తుతరు."

జోసెఫ్ కాగితం లాక్కుని చూశాడు. రెండుసార్లు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి ఒక పద్నాలుగును కొట్టేశాడు.

"మొదాలు పోయి మిల్లుల ఫోన్లు సక్కగ జెయ్యి," అన్నాడు. "రేపు పదింటికి దవాఖానకు రా. ఒక్కొక్క ఫోనూ నా ముందర బోర్లేసి, చీటి సదివి పెట్టాలె. కండ్లద్దాలు లేకుంట వస్తే గేటు కాడికెళ్లే పంపిస్త."

మియా వెన్ను మెల్లగా నిటారైంది. రుమాలు మళ్లీ భుజం మీదికెక్కింది. అద్దాలు తీసి, ఊది, తుడిచి, వెలుతురులో పట్టుకున్నాడు.

"ఇయి మామూలు కండ్లద్దాలనుకుంటున్నవా జోసెఫ్ భాయ్? బీదర్ల ఒక్కటే జత ఉండె. ఇయి పెట్టుకోని నేను ఈడ నుంచి చూస్తే, కల్హేర్ సంతల మిరపకాయల ధర సదువుతా. ఒకసారేమైందో ఎర్కేనా..."

హన్మయ్య సైకిల్ స్టాండు తీశాడు. "తొవ్వల చెప్దువులే మియా, జల్దీ నడువు. నేను ఈడున్న. గేటు కాడ సేటు నిలవడ్డడు."