పేరు పలికించిన సూది

ఆ చెంబు ఇలా ఇవ్వవే, గొంతు తడుపుకుని చెబుతా. మీ తాత సంగతా? మన లంకలో, ఈ పొలొన్నరువ కాలవ కింద ఊళ్ళల్లో ఆయనంటే అందరికీ హడలే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఇద్దరు పిల్లలు పుట్టినా నన్ను "ఇదుగో, వింటున్నావా" అనడమే. నేనూ అంతే. ఆలుమగలు పేర్లు పెట్టి పిలుచుకుంటే ఊరు నవ్వదూ! నువ్వేమో నీ మొగుణ్ణి వీధి చివర్నించి కేకేస్తావు, సరేలే.

ఆ ఏడు వరికి దోమ పట్టింది. చొక్కా విప్పేసి గాలికి ఎదురుగా పురుగుమందు కొట్టాడు. చెబితే వింటేగా! కాసేపటికి నోట నురగ, ఒంటినిండా చెమట, కంటిపాప ఆవగింజంత. ట్రాక్టరు తొట్టిలో వేసి ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ విషానికి విరుగుడు అట్రోపిన్ అట, సూది మీద సూది పొడిచారు. నురగ ఆగింది, చెమట ఆరింది, కళ్ళు గుడ్లగూబ కళ్ళల్లే విచ్చుకున్నాయి. హమ్మయ్య అనుకున్నానో లేదో, లేచి కూచుని దుప్పటి మీద నాట్లు మొదలెట్టాడే తల్లీ! ఉత్త గాల్లోంచి నారు తియ్యడం, దుప్పట్లో గుచ్చడం. పైగా ఆడవాళ్ళ నాట్లపాట, ఎంత రాగం తీశాడనీ! వార్డులో మగాళ్ళంతా లేచి కూచున్నారు. అప్పుడు, పెళ్ళయ్యాక మొదటిసారి, నా పేరు పెట్టి అన్నాడు: "పొడిమెణికే, నీ వరస వంకరపోయిందే. పోనీలే, నీ కొప్పు జారి నీళ్ళల్లో పడుతోంది, అది చూసుకుంటూ నేనే సరిచేస్తాలే."

నేల చీలితే దూరిపోదును. మా అత్త నా రెక్క గుంజుతోంది, "నా కొడుకు హీన్‌బండకి దయ్యం పట్టిందే, ఆ సూది ఆపించు, పరువు పోతోంది!" అని. నాకూ ఆపమనాలనే ఉంది, సిగ్గు అలాంటిది మరి. నర్సమ్మ కసిరింది: "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మందు కాస్త ఎక్కువై వాగుతున్నాడు. తగ్గించి ఇస్తాం. పూర్తిగా ఆపితే ఊపిరాడక పోతాడు. పరువు కావాలా, మొగుడు కావాలా?" చెంగులో మొహం దాచుకుని, ఆ పాట అయ్యేదాకా మంచం పక్కనే కూచున్నా.

బతికాడు. టీ కొట్టు దగ్గర ఎవడో "పొడిమెణికే, వరస వంకరే!" అన్నాట్ట. తలొంచుకుని ఇంటికొచ్చాడు, మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. నన్ను "ఇదుగో" అనడానికీ సిగ్గే. ఊరికే దగ్గేవాడు.

ముసలితనాన గుండెజబ్బుతో మళ్ళీ అదే ఆసుపత్రి. ఓ చిన్న నర్సు సూది పట్టుకొచ్చింది. అటూ ఇటూ చూసి, మెల్లిగా అడిగా, "అమ్మాయ్, పురుగుమందు తాగినోళ్ళకి ఇచ్చే సూది ఉంటుందే... అదొక్క రవ్వ ఈయనకి పొడవకూడదూ?" "ఎందుకవ్వా?" అంది. ఎందుకని చెప్పను? మంచం మీంచి మీ తాత దగ్గాడు. విన్నాడు కాబోలు.

నవ్వకే. లే, ఆ కొబ్బరిపాలు విరిగిపోతున్నాయేమో చూడు.