ఒళ్లో నూనె డబ్బా

తల ఊపకు వదినా! దవడకి తీగ కట్టి మూడు రోజులైనా కాలేదు, కదపొద్దన్నాడు డాక్టరు. పలక ఉందిగా, రాయి. అసలు రాయనూ వద్దు, ఊరికే విను. ఎలాగూ నా ముందు నీకు నోరెప్పుడు లేచింది కనక?

అదిగో, వరండాలో మీ ఆయన. మా అన్నయ్యే అనుకో. ఫోనులో అందరికీ అదే పాట. "మా చెల్లెలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది, ఈవిడ వింటేనా!" అట. నీ కుడికన్ను దక్కుతుందో లేదో సోమవారం కట్టు విప్పితేగానీ తెలియదు. ఈయన తీర్పు మాత్రం అప్పుడే తయారు!

చెప్పిన మాట నిజమే. కారు కొన్ననాడే దాంతో ఇచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివాను. ఏడో తరగతితో బడి మాన్పించినా అక్షరం కనబడితే వదలని దాన్ని. మిమ్మల్నందర్నీ కూర్చోబెట్టి వినిపించాను కూడా. బెల్టు పెట్టుకోవాలి. ఛాతీకీ స్టీరింగుకీ మధ్య జానెడు మీద రెండు వేళ్లు ఎడం ఉండాలి. పక్కసీటు బాగా వెనక్కి జరపాలి. ఒళ్లో ఏదీ పెట్టుకోకూడదు, ఎయిర్‌బ్యాగు విచ్చుకుందంటే అది తిన్నగా మొహమ్మీదికే. "బెలూనుకి ఇంత భయమా?" అని నవ్వాడు అన్నయ్య. బెలూనట! రెప్ప వేసేలోపు పిడిగుద్దులా వచ్చే బెలూను!

ఆ రోజు మిల్లు నుంచి వస్తూ నేనే నడుపుతున్నాను, ముందు లారీ ఆగింది. బ్రేకు తొక్కాను, ఆలస్యంగా. గుద్దుకోగానే రెండు బెలూన్లూ విచ్చుకున్నాయి. నాకేమైంది? ముంజేయి కాస్త కమిలింది. పుస్తకం ప్రకారం కూర్చున్నానుగా, మహాతల్లిని!

నీ ఒళ్లో ఐదు కిలోల నూనె డబ్బా.

అలా చూడకు. ఆ ఒక్క కంటితోనే రెండు కళ్ల చూపు చూస్తున్నావు.

నూనె మిల్లు దగ్గర నువ్వు దాన్ని వెనక సీటులో పెట్టబోయావు. అవునా? "అమ్మో, కొత్త కవర్లు! నెల్లాళ్లు కుట్టాను, మరక పడితే ఊరుకోను, ఒళ్లో పెట్టుకో" అన్నదెవరు? "పుస్తకంలో వద్దన్నారుగా" అని గొణిగావు కూడా. "రెండు వీధులకి పుస్తకమెందుకు?" అన్నదెవరు?

ఆసుపత్రిలో అన్నయ్య నిన్ను తిడుతుంటే నేను గోడ చూస్తూ నిలబడ్డాను. వీధంతా హడలిపోయే నోరు, మెదపలేదు. ఇవాళ పొద్దున పలక చూశాను. "తప్పు నాదే, దాన్నేమీ అనకండి" అని రాశావు. ఎవరడిగారు నిన్ను? నీ మంచితనం మండ!

ఇంకోటి విను. డబ్బా మూత ఊడనే లేదు. కవర్ల మీద ఒక్క నూనె చుక్క లేదు. ఉన్న మరక నీ నెత్తురుదే.

ఇలా తే పలక. చెయ్యి పట్టుకోకు, తుడిచేస్తున్నా. ఇదిగో, నా కోడి కెలుకుడు రాతలో: "డబ్బా ఒళ్లో పెట్టించింది నేను."

పిలువు మీ ఆయన్ని... ఓ, నీకు నోరేదీ? నాకుందిగా, దిక్కుమాలినది. ఈ ఒక్కసారికైనా పనికి రానీ.

అన్నయ్యా! ఆ ఫోను పెట్టేసి ఇలా రా.