గీత మీది చుక్కలు

బొగ్గు పరీక్షల గది. బల్ల దగ్గర ఇంజనీరు, ఆమె మేనమామ. తలుపు అవతల మేనేజరు.

"సంతకం పెట్టకమ్మా."

"పక్కకు జరుగు మావయ్యా. మేనేజరు గారు బయట నిలబడ్డారు."

"నిలబడనీ. ఆయనకేం కాళ్లు లేవా?"

"ఏడు నెలలుగా ఫ్యాక్టరీకి తాళం. గేటు దగ్గర జనాన్ని చూశావుగా. నేను సంతకం పెడితే ఈ పూటే తీస్తారు."

"తీస్తే ఫ్యాక్టరీ మురికి నీళ్లు కాలవలోకి పోతాయి. ఆ కాలవ నీళ్లే మన పంపుల్లోకి వస్తాయి."

"ఊరికే పోతాయా? బొగ్గు తొట్టిలోంచి దిగి పోతాయి. నీళ్లలో కలిసిన విషాన్ని బొగ్గు పట్టేసుకుంటుంది. ఎన్నాళ్లు పట్టుకోగలదో లెక్క కట్టింది నేనే కదా. నలభై రోజులు. ఆ తర్వాత బొగ్గు మారుస్తాం."

"ఆ లెక్క..."

"లెక్కకేమైంది? ఇదిగో, ఇది ఆ లెక్క ప్రకారం నేను ముందే గీసిన గీత. ఇవి నువ్వు సీసాల్లో బొగ్గు వేసి, ఊపి, కొలిచి రాసిచ్చిన చుక్కలు. దారానికి గుచ్చినట్టు కూర్చున్నాయి. ఇంత బాగా ఎవరికీ రావు."

"రావు. అందుకే చెబుతున్నా."

"ఏం చెబుతున్నావు?"

"సీసాలు ఊపే మిషను ఆగిపోయింది."

"ఎప్పుడు?"

"అప్పుడే. మొదలెట్టిన వారంలోనే. నేనే ఎక్కువ సీసాలు ఎక్కించా. కాలిన వాసన వచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు చెప్పి నాకు ఇప్పించిన పని. నీ మాట పోతుందని..."

"మరి కొలతలు?"

"ఒక పూట చేత్తో ఊపా. భుజం పడిపోయింది."

"కొలతలు, మావయ్యా!"

"నువ్వు గోడకు అంటించావే, ఆ గీత. దాన్ని చూసి రాశా. అటు కాస్త, ఇటు కాస్త."

"అయ్యో... అయ్యో మావయ్యా."

"ఇంజనీరమ్మా! అయిందా? సంతకానికి ఇంతసేపా?"

"వస్తున్నా సార్! రెండు నిమిషాలు!"

"నా పేరు చెప్పెయ్యమ్మా. ఏం చేసుకుంటారో చేసుకోనీ."

"చెప్పి? గేటు దగ్గరున్న వాళ్లకేం చెప్పాలి? మా మావయ్య బొమ్మలేశాడు, ఇంకో ఆరు నెలలు పస్తులుండండి అనా? ఈ గదికి ఇంకో తలుపు కూడా లేదు."

"లేదు. పొద్దున్నే చూశా."

"ఉండు. ఉండు, ఆలోచించనీ. అన్నీ అలాగే రాశావా? ఒక్కటైనా కొలిచావా?"

"కొలిచా. ఒట్టు. మిషను ఆగకముందు మూడు సీసాలు. రెండేసి సార్లు చూసుకుని మరీ రాశా."

"మూడా? చాలు. నిజంగా కొలిచిన మూడూ గీత మీదుంటే చాలు, లెక్క నిలబడుతుంది. ఏవవి? చూపించు."

"అన్నిటికంటే ముందు రాసినవి. వేలు పెట్టి చూపిద్దామంటే ఈ కాగితం మీద కనపడవేంటమ్మా?"

"ముందువా... గీత చెప్పినదాంట్లో బొగ్గు సగం కూడా పట్టలేదని రాశావే, అవా? నీకింకా చేయి తిరగలేదనుకుని నేనే లెక్కలోంచి కొట్టేశా మావయ్యా."