సోడియానికి కళ్లు

సైన్సు ప్రదర్శన తలుపులు తెరవడానికి ఇంకా కాస్త సమయం ఉంది. ఉప్పు ఎలా పుడుతుందో జనానికి చెప్పాల్సిన రసాయన శాస్త్రవేత్త, గోడ మీద తన అక్క వేసిన బొమ్మ చూసి నెత్తి పట్టుకున్నాడు.

“సోడియానికి కళ్లెందుకు పెట్టావక్కా?”

“ఎదురుగా క్లోరిన్ ఉంది కదరా, చూడొద్దూ?”

“పరమాణువుకి మొహం ఉండదు!”

“ఉపన్యాసం చెప్పేటప్పుడు నీకూ ఉండదు. కిందటిసారి సగంమంది కునికిపాట్లు పడ్డారు, మిగతా సగం మెల్లిగా జారుకున్నారు.”

ఈసారీ అంతే అయితే ఇక పిలవబోమని నిర్వాహకులు అతని మొహం మీదే చెప్పేశారు.

“నవ్వులపాలవుతాను. చెరిపెయ్యి.”

“చెరిపేస్తా. ముందు బొమ్మ లేకుండా నాకు అర్థమయ్యేలా చెప్పు.”

“సోడియం బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంటుంది.”

“ఉంటే?”

“ఉంటే ఏమిటి? అది గుండెల మీద కుంపటి! ఎవరికో అంటగట్టేదాకా సోడియానికి కంటి మీద కునుకుండదు. క్లోరిన్‌కేమో సరిగ్గా ఒక్కటే తక్కువ. కనబడగానే ‘బాబ్బాబు, నువ్వే ఉంచుకో’ అని దాని చేతిలో పెట్టేస్తుంది. అప్పట్నుంచి రెండూ ఒకదాన్నొకటి వదలవు. అదే ఉప్పు!”

“కునుకుండదా? చేతిలో పెడుతుందా? మొహమే లేదన్నావు?” అక్క తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి నడిచింది. “సరే, నీ ఇష్టం.”

“ఆగాగు!” అతను ఆమె చెయ్యి పట్టుకుని, బొమ్మను ఎగాదిగా చూశాడు. “నిద్రలేనివాడి కళ్లు అలా తళతళలాడతాయా? శాస్త్రమన్నాక కచ్చితంగా ఉండాలి. కింద కాస్త నలుపు వెయ్యి.”