పెరుగన్నం ముద్దలు

కొత్తగూడ ఫ్లైఓవర్ దగ్గరి పెంపుడు జంతువుల దవాఖానలో, ఆపరేషన్ గది బయట కొత్త దంపతులు కూర్చున్నారు. లోపల బిట్టుకి పుచ్చిన పళ్లు తీస్తున్నారు. అది అతను పదేళ్లుగా పెంచుకుంటున్న కుక్క. ఆమెకు దానితో పరిచయం రెండు నెలలే.

“గంట దాటింది. ఎందుకండీ ఇంతసేపు?”

“ఫికర్ చెయ్యకు. మూడు పళ్లు గద.”

“మీకో సంగతి చెప్పనా? ఇవాళ అది నా చేత్తో తింది!”

“ఏంది?”

“నన్ను చూస్తేనే మొహం తిప్పుకునేది కదా. పొద్దున మీరు స్నానానికి వెళ్లినప్పుడు పెరుగన్నం కలిపి పెడితే, వేళ్లు కూడా నాకేసింది. ఎంత ముద్దొచ్చిందో!”

“రాత్రి నుంచి ఏం పెట్టొద్దని డాక్టర్ చెప్పిండు.”

“నాకు చెప్పలేదు మీరు.”

“చెప్పలే. దాని గిన్నె తీసి అటక మీద పెట్టిన, అంతే. నీ చేత్తో ఎట్లాగూ తినదనుకున్న.”

“తింటే ఏమవుతుందండీ?”

“మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరితిత్తులల్లకు పోతది. ఎన్ని ముద్దలు పెట్టినవ్?”

“మూడు. ఇంకా కావాలని తోక ఊపింది.”

ఆమె లేచి తలుపు కొట్టబోయింది. అప్పటికే అది తెరుచుకుంది. డాక్టర్ మాస్కు కిందికి లాగాడు.

“వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందండీ. బతికించలేకపోయాం. పొద్దున దీనికి అన్నం ఎవరు పెట్టారు?”

“నేనే సార్,” అన్నాడతను.

ఆమె నోటికి అడ్డం పెట్టుకున్న చేతి నుంచి ఇంకా పెరుగు వాసన వస్తోంది.