పెరట్లో పైపు లేదు

నా పేరు, ఇంటి నంబరు స్టేషన్ రైటర్ గారు పైన రాసుకున్నారు. వయసు యాభై తొమ్మిది. బజారు మలుపులో కళ్ళజోళ్ళు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఎండ ముదిరే రోజుల్లో మధ్యాహ్నం కొట్టు మూసి, మిగతా పని ఇంటి దగ్గర చేసుకుంటాను. చేయి విరిగిన మనిషి నాకు బావమరిది, నా భార్యకు సొంత తమ్ముడు. మా పేటలో నీళ్ళ వాల్వులు తిప్పే ఉద్యోగం అతనిది. అడిగినవాటికి నాకు తెలిసినంత వరకు చెబుతున్నాను.

నా భార్య వయసు యాభై ఆరు. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. మోకాళ్ళు అరిగిపోయి నాలుగేళ్ళ కిందట మానేసింది. మానేసిన వారానికే పెరట్లో కూరగాయలు వేస్తానంది. మా పెరడు రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. నేల సుద్ద. గడ్డపార వేస్తే ఠంగుమంటుంది. వాన పడితే ఆ రోజు జనం బయటికి వచ్చి చూసే ఊరు మాది. "రాయి మీద నార తీస్తావా?" అని ఎగతాళి చేశాను. "తీస్తే తినడానికి మీరే ముందుంటారు" అంది. అలాగే జరిగింది.

మొదటి వేసవిలో వేసినవన్నీ మాడిపోయాయి. మరుసటి ఏడు బెండ మొక్కలు మాత్రం మిగిలాయి. అప్పుడు పద్ధతి మార్చింది. ఎత్తు మడులు తీసేసి, పోసిన నీరు పక్కకు జారకుండా నేలను గుంటలుగా తవ్వింది. గుంటల్లో మట్టికుండలు మెడదాకా పాతింది. కుండలో నీళ్ళు పోసి మూత పెడితే, చెమ్మ కుండ గోడల్లోంచి మెల్లగా ఊరి వేళ్ళకు అందుతుంది. పైకి తడి కనిపించదు. మట్టి మీద ఎండుటాకులు మందంగా కప్పింది. పడమటి ఎండ తగలకుండా పాత దుప్పట్లు తాడుకు కట్టింది. వాటిని ఇస్త్రీ చేసి మరీ కట్టేది. ఎందుకే అంటే, చేతికి అలవాటు పోలేదంది.

నీళ్ళ సంగతి ఎస్ఐ గారు గుచ్చి గుచ్చి అడిగారు. మా వీధికి రోజు విడిచి రోజు పొద్దున గంటసేపు నీళ్ళు వస్తాయి. అందరికీ ఎంతో మాకూ అంతే. కూరగాయలు కడిగినవి, గిన్నెలు తొలిచినవి బకెట్లో పట్టి కుండల్లో పోసేది. స్నానం నీళ్ళు కూడా వదిలేది కాదు. నన్ను తొట్టిలో నిలబడి ఒళ్ళు తడుపుకోమనేది. సబ్బునీళ్ళు మొక్కలకు పడవని, సబ్బు రాసుకునే ముందు తొట్టిలోంచి బయటికి దిగాలి. ఈ వయసులో తొట్టిలో కొంగలా నిలబడ్డాను. అవసరమైతే అదీ రాసుకోండి.

ఒకసారి బావమరిదే అడిగాడు. "అక్కా, మీ వీధికి ఇంకో పది నిమిషాలు వదలనా?" అన్నాడు.

"వదులు. అవతలి వీధివాళ్ళ బిందెల్లో నువ్వు ఏడ్చి నింపు" అంది.

ఆ మాట అతను మళ్ళీ ఎత్తలేదు.

ఈ వేసవిలో వీధిలో అందరి మొక్కలూ ఎండిపోయాయి. మా పెరట్లో చిక్కుడు పందిరెక్కింది. టమాటా, వంకాయ కాశాయి. మేమిద్దరం తినగలిగినంత తిని మిగతావి పంచాం. పక్కింట్లో పిండిమర నడిపే ఆయన ఉన్నాడు. ఆయన భార్య మా చిక్కుడుకాయలు గిన్నె నిండా పట్టుకెళ్ళేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, రుచిగానే ఉందని చెప్పేది. తర్వాత కుళాయి గంట కాస్తా అరగంట అయింది. అప్పటినుంచి గిన్నె రావడం మానేసింది. "తమ్ముడు వాల్వు తిప్పుతాడు, అక్క పందిరి వేస్తుంది" అనే మాట వీధిలో పుట్టింది. నా కొట్టుకు వచ్చిన మనిషి కళ్ళజోడు పెట్టుకుని చూస్తూ నాతోనే ఆ మాట అన్నాడు. నేనెవరో అతను గుర్తుపట్టలేదు మరి. చివరికి పిండిమర ఆయన నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు చేశాడు. శనివారం వచ్చి చూస్తానని అక్కడి అధికారి నా బావమరిదికి చెప్పాడు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు బావమరిది మా ఇంటికి వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. వాల్వు తిప్పే పొడవాటి ఇనుపకడ్డీ చేతిలోనే ఉంది. దాన్ని పెరటి గోడకు ఆనించాడు. వెలుతురు కోసం నేను పెరటి గుమ్మంలో కూర్చుని ఒక కళ్ళజోడుకు స్క్రూ బిగిస్తున్నాను.

"అక్కా, శనివారం పెద్దాయన వస్తున్నాడు. ఈలోగా ఇవన్నీ తీసెయ్" అన్నాడు.

"రానీ. చూపిస్తాను."

"చూపిస్తే నమ్ముతారా? ఊరంతా ఎండిపోయి నీ ఒక్క పెరడు ఇలా ఉంటే ఎవరు నమ్ముతారు? ఈ ఉద్యోగం పోతే నేను పిల్లలతో వీధిన పడతాను."

"పచ్చగా ఉండటం తప్పట్రా?"

"ఈ ఊళ్ళో తప్పే అక్కా."

అంటూనే చిక్కుడు పందిరి మీద చేయి వేశాడు. నా భార్య కదల్లేదు. "తాడు తెంపకు, ముడి విప్పు" అని మాత్రం అంది. అతను విప్పలేదు, లాగాడు. పందిరి కూలింది. తర్వాత టమాటా మొక్కలు పీకాడు. ఆమె చూస్తూ నిలబడింది. వాళ్ళ అమ్మ పోయినప్పుడు అతను ఇంకా పాకే పిల్లవాడు. ఈమే చంకనేసుకుని పెంచింది. చిన్నప్పుడు కూడా వాడు ఏది పగలగొట్టినా ఇలాగే చూస్తూ ఉండేదాన్నని ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆటోలో చెప్పింది. అది కేసుకు సంబంధం లేదేమో.

వంకాయ మొక్క లాగేటప్పుడు పక్కనున్న కుండ పగిలింది. నీళ్ళు మట్టిలోకి పోయాయి. కింద మట్టి తడిగా, నల్లగా ఉంది. అతను కుండ వైపు చూశాడు. చతికిలబడి, కుడిచేయి మోచేతిదాకా ఆ తడిమట్టిలో పెట్టి అటూ ఇటూ వెతికాడు.

"నాకైనా నిజం చెప్పక్కా. పైపు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు.

"నువ్వూ అలాగే అనుకున్నావా?"

"ఎప్పటినుంచో అనుకుంటున్నాను. అడగలేదంతే."

అప్పుడు ఆమె గోడ దగ్గరకు వెళ్ళింది. ఇనుపకడ్డీ తీసుకుని వచ్చింది. అతను చేయి బయటికి తీసి గుంట అంచు మీద ఆనించి లేవబోతున్నాడు. ఆ చేతి మీద కొట్టింది. ఒక్కసారే. రెండోసారి ఎత్తలేదు. కడ్డీని ఎక్కడినుంచి తీసిందో అక్కడే ఆనించి పెట్టింది. మొక్కలు పీకినందుకు కొట్టిందా అని ఎస్ఐ గారు అడిగారు. పీకుతున్నంతసేపూ కొట్టలేదు. పైపు మాట అన్నాక కొట్టింది. నేను చూసింది ఇది.

మీరెందుకు ఆపలేదని కూడా అడిగారు. స్క్రూ నా పెదాల మధ్య ఉంది. కింద పడితే మళ్ళీ దొరకదు. దాన్ని తీసి డబ్బాలో వేసి లేచేసరికి అయిపోయింది. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

దుప్పటి ఒకటి చింపి చేతికి కట్టాం. ముగ్గురం ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాం. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయన్నారు. నా భార్య వరండాలో ఉండగా, లోపల డాక్టర్ గారితో బావమరిది వాల్వు గుంటలో కాలుజారి పడ్డానని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

పిండిమర ఆయన గోడ మీదుగా చూసి స్టేషన్‌లో చెప్పాడట. శుక్రవారం పొద్దున కానిస్టేబుల్ కొట్టుకు వచ్చి, స్టేషన్‌కు వచ్చి జరిగింది రాయించాలని కబురు చెప్పాడు. ఆ వెనకే బావమరిది వచ్చాడు. "బావా, నేను పడ్డాననే చెప్పు. అక్కతోనూ అదే చెప్పించు. కేసయితే ఆ మోకాళ్ళతో కోర్టు మెట్లు ఎక్కగలదా?" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. పాము చావదు, కర్ర విరగదు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి నా భార్యకు చెప్పాను.

ఆమె పెరట్లో కుండ పెంకులు ఏరుతోంది. ఏరడం ఆపకుండానే మాట్లాడింది.

"ఇవాళ వాడు పడ్డాడని రాయిస్తే, రేపు నా పందిరి గాలికి పడిందంటారు. వాడు పీకాడు. నేను కొట్టాను. రెండూ రాయించండి. ఒక్కటే రాస్తే సంతకం పెట్టకండి."

"వాడు నీ మంచికే చెబుతున్నాడు కదే" అన్నాను.

"వాడి మంచితనం నాకు వద్దు. నమ్మకం కావాలి. అది లేదని తేలిపోయింది. ఇక ఉన్నదైనా ఉన్నట్టు ఉండనివ్వండి" అంది.

శనివారం నీళ్ళ ఆఫీసు అధికారి వచ్చాడు. పెరట్లో గుంటలు, వాటిలో కుండలు తప్ప ఏమీ మిగల్లేదు. ఇక చూడటానికేముందని వెనక్కి తిరిగాడు. నా భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, తవ్వి చూస్తేగానీ వెళ్ళనివ్వనంది. ఇద్దరు మనుషులు గోడ నుంచి గోడ దాకా తవ్వారు. బావమరిది చేతికి కట్టుతో నిలబడి చివరిదాకా చూశాడు. పైపు లేదు. అధికారి ఆ ముక్క అందరి ముందూ చెప్పి వెళ్ళిపోయాడు. పిండిమర ఆయన భార్య వాళ్ళ కిటికీ వేసుకుంది.

బావమరిది తవ్విన మట్టిని కాలితో గుంటల్లోకి నెట్టబోయాడు. "వదిలెయ్" అంది నా భార్య. అతను వదిలేశాడు. ఈ మూడు రోజుల్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాట అదొక్కటే.

ఇవాళ ఇద్దరూ స్టేషన్‌కు వచ్చారు. బయట బల్ల మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. లోపలికి పిలిచేదాకా మధ్యలో నేను కూర్చున్నాను. తన మీద కేసు పెడతారా అని ఆమె నన్ను అడగలేదు. కేసు వద్దని రాసివ్వడానికి అతను వచ్చాడు. రాసివ్వనీయండి, అది అతని ఇష్టం. నేను చెప్పాల్సింది మాత్రం ఇదే. అతను పీకాడు. ఆమె కొట్టింది.

రైటర్ గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఒకచోట "పడినందున చేయి విరిగి" అని రాశారు. అది నేను అన్న మాట కాదని కొట్టేయించాను. కొట్టేసిన చోట పొట్టి సంతకం, కింద పూర్తి సంతకం, రెండూ నేను పెట్టినవే.

(సంతకం)