వాగవతలి రంపం

మరి నీ మీద కాక ఇంకెవరి మీద వస్తుంది అనుమానం, కంబూ? బతికున్నన్నాళ్లూ కలప కంపెనీలో మోటారు రంపం పట్టినవాడివి. ఆ వాగవతలే చెట్టు మీదపడి పోయావు. ఈ ఏడు వాన పట్టిన ప్రతి మధ్యాహ్నం అక్కడే రంపం మోత. ఏమనుకోమంటావు?

ఆడవాళ్లెవరూ వాగు దాటలేదు. "వదినా, మీ ఆయన ఇంకా కోస్తూనే ఉన్నాడు," అనేవాళ్లు. గాలిప్ చెట్లన్నీ అటే కదా. ఆ కాయలు కొట్టి, గింజలు ఆరబెట్టి అమ్ముకుంటామనే కదా రాజధాని మొరెస్బీ నుంచి వచ్చినవాళ్లు మా ఆడవాళ్ల సంఘానికి డబ్బిచ్చింది? అడవి మీదే, వ్యాపారమూ మీదే, ఒక్క చెట్టు మాత్రం పడకూడదన్నారు. షెడ్డు లేచింది, గింజలారబెట్టే డీజిల్ పొయ్యి వచ్చింది. కాయలేవీ?

వింటున్నావా? వక్క తెచ్చాను, సున్నం కూడా. ఇదుగో, నీ సమాధి తలవైపు పెడుతున్నా.

మొన్న ఆ మొరెస్బీ వాళ్ల తరఫున డెబోరా అనే అమ్మాయి చూడ్డానికి వస్తోందని కబురొచ్చింది. సంఘం పెద్దని, నేనే భయపడితే ఎలా? వానలోనే బుట్ట తగిలించుకుని వాగు దాటాను. "నేనేనయ్యా, నన్నేం చేయకు," అనుకుంటూ మోత వైపే నడిచాను.

అక్కడ ఎవరున్నారనుకున్నావు? నా తమ్ముడు రపిస్. చేతిలో నీ రంపమే. బావ గుర్తుగా ఉంచుకుంటానని అడిగి పట్టుకెళ్లాడు చూడు, అదే. పక్కన కంపెనీ మనుషులు.

"అక్కా, ఊరంతా దయ్యమని నమ్మింది. నువ్వూ నమ్మెయ్. పొయ్యి నీకుంటుంది, కలప నాకుంటుంది," అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

మా వైపు నేల తల్లి నుంచి కూతురికే దక్కుతుంది. మీ సెపిక్ నది వైపు వాళ్లు దానికి నవ్వుకునేవాళ్లు కదా? నేను మాట్లాడకపోతే ఆ నేల తరఫున ఇంకెవరు మాట్లాడతారు? డెబోరా రాగానే ఆమె ముందు, ఊరి ముందు అంతా చెప్పేశాను. రపిస్ తల ఎత్తలేదు. కంపెనీ వాళ్లు సర్దుకుని పోయారు. డెబోరా నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, పడ్డ చెట్ల సంగతి తేలేదాకా డబ్బు ఆపక తప్పదు," అంది. ఆ పిల్లనేమనగలం?

ఆడవాళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నిన్న అందరం కలిసి వాగు దాటాం. బుట్టలు నిండాయి. డబ్బాగి పొయ్యికి డీజిల్ లేకపోతే పోయింది, చాపల మీద ఆరబోశాం.

ఇవాళ మళ్లీ వాన పట్టింది. అవతల చప్పుడే లేదు. అందరికీ ప్రాణం హాయిగా ఉంది.

నాకే... తిట్టుకుంటూ అయినా, అక్కడెక్కడో ఉన్నావులే అనుకునేదాన్ని. పోనీలే కంబూ. పోయినవాళ్లు నిజంగానే పోతారు కాబోలు.